న్యూమరికల్ ఎనాలిసిస్‌లో జవాబు ఎక్కడ తప్పుతోంది? సమస్య - పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు గణితం చదివే మన పిల్లల్లో చాలామందికి బడి చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, పరీక్ష ఇంగ్లీషులో. న్యూమరికల్ ఎనాలిసిస్‌లో, అంటే ఉజ్జాయింపు లెక్కలతో మెట్టుమెట్టుగా జవాబు రాబట్టే గణితంలో, సూత్రాలన్నీ కంఠతా వస్తాయి, అయినా లెక్క తేలదు. భాష వల్లే ఇలా జరుగుతోందని సరిపెట్టుకోకండి. జవాబు ఏ తీరుగా తప్పిందో చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఎక్స్ = కాస్ ఎక్స్ అనే సమీకరణానికి 0.99985 వస్తోంది.

క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది. రేడియన్లకు మార్చండి, 0.7391 వస్తుంది.

సమస్య: న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో (ఒక అంచనా దగ్గరి స్పర్శరేఖతో తరువాతి అంచనా కనుక్కునే పద్ధతి) ఎన్ని మెట్లు వేసినా మూలం దగ్గరపడటం లేదు.

గుణుపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి నోటుపుస్తకంలో పేజీ పొడవునా 0, 1, 0, 1 అని ఉంది. కూడికలు, భాగహారాలు అన్నీ సరైనవే. సమీకరణం ఎక్స్³ − 2ఎక్స్ + 2 = 0, తొలి అంచనా 0. అక్కడి స్పర్శరేఖ 1 దగ్గరకు పంపుతుంది, 1 దగ్గరి స్పర్శరేఖ మళ్లీ 0కే తెస్తుంది. తప్పంతా తొలి అంచనాది. ముందు ప్రమేయం గుర్తు ఎక్కడ మారుతోందో చూడాలి. −2 దగ్గర విలువ −2, −1 దగ్గర 3. కాబట్టి మూలం ఆ రెంటి మధ్య ఉంది. −2తో మొదలుపెడితే −1.8, ఆపైన −1.76995 వస్తాయి. అసలు మూలం −1.76929. రెండు మెట్లలో ఇంత దగ్గరకు చేర్చే పద్ధతిని నిందించడం న్యాయం కాదు.

సమస్య: సూత్రం సరైనదే, జవాబు మాత్రం రెట్టింపు వచ్చింది.

దోషాల పాఠానికి మార్కులు తక్కువని చాలామంది దాన్ని దాటేస్తారు. ఈ సబ్జెక్టుకు ప్రాణం ఆ పాఠమే. ఎక్స్² − 200ఎక్స్ + 1 = 0 తీసుకుని, ప్రతి మెట్టులోనూ నాలుగు సార్థక అంకెలే ఉంచి చేతితో చేయండి. మూలాలు 100 ± √9999. 9999 వర్గమూలం 99.99. చిన్న మూలం 100 − 99.99, అంటే 0.01. అసలు విలువ 0.0050001. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేస్తే, ముందున్న మంచి అంకెలు ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది అంకెలు కుదించడంలో (రౌండింగ్‌లో) చేరిన చెత్త. తీసివేతే లేకుండా చేయడం దీనికి మందు. మూలాల లబ్ధం 1 కదా, పెద్ద మూలం 100 + 99.99 నాలుగు అంకెల్లో 200.0. చిన్నది 1/200.0 = 0.005. అవే నాలుగు అంకెలు, దారి మాత్రమే మారింది. కంప్యూటర్‌లో పదిహేను అంకెలున్నా ఈ జబ్బు పోదు, కాస్త ఆలస్యంగా బయటపడుతుంది, అంతే.

సమస్య: గాస్ ఎలిమినేషన్‌లో (చరరాశులను ఒక్కొక్కటిగా తొలగించే పద్ధతి) వచ్చిన జవాబు రెండో సమీకరణంలో ఇమడటం లేదు.

పివట్, అంటే తొలగించేటప్పుడు భాగించే గుణకం, మరీ చిన్నది. 0.0001ఎక్స్ + వై = 1, ఎక్స్ + వై = 2 అనే జంటను మూడు అంకెలతో చేస్తే ఎక్స్ = 0, వై = 1 వస్తాయి. వరుసలు తారుమారు చేసి మళ్లీ చేయండి. రెండూ 1 వస్తాయి, అసలు విలువలకు అది చాలా దగ్గర. నిలువు వరుసలో పరిమాణంలో పెద్ద సంఖ్యను పైకి తెచ్చుకోవడం ప్రతి మెట్టులోనూ అలవాటు కావాలి. చివర్లో జవాబును అసలు సమీకరణాల్లో పెట్టి చూడకుండా పేపరు ఇవ్వకండి.

సమస్య: అవకలజం కోసం హెచ్ తగ్గించే కొద్దీ జవాబు పాడవుతోంది.

మళ్లీ ఆ తీసివేతే: ఎక్స్ + హెచ్ దగ్గరి ప్రమేయం విలువలోంచి ఎక్స్ దగ్గరి విలువ తీసి, హెచ్‌తో భాగిస్తాం. కంప్యూటర్ మామూలుగా వాడే డబుల్ ప్రిసిషన్‌లో (సుమారు పదిహేను అంకెలు) 1కి 10⁻¹⁶ కలిపితే 1గానే ఉంటుంది. లవం సున్నా, అవకలజమూ సున్నా. విలువలు 1 చుట్టూ ఉండే మామూలు లెక్కల్లో ఈ పురోగమన భేదానికి హెచ్ 10⁻⁸ ప్రాంతంలో, ఎక్స్‌కు రెండు వైపులా విలువలు తీసుకునే కేంద్రీయ భేదానికి 10⁻⁵ ప్రాంతంలో ఉంచితే సరిపోతుంది.