రీల్‌లో చూసిన డ్రెస్ కొనే ముందు

కోఠిలో, సుల్తాన్ బజార్‌లో బేరం ఆడటం మన హైదరాబాద్ పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. నాలుగొందలు చెప్తే రెండొందలకి అడగాలని ఇంటర్‌కి వచ్చేసరికే తెలిసిపోతుంది. చిక్కల్లా ఏంటంటే, ఇప్పుడు కొట్టుకి వెళ్లేలోపే, యాప్ తెరిచేలోపే కొనాలనే నిర్ణయం చాలావరకు అయిపోతోంది, అక్కడ బేరం ఆడే వీలే లేదు. కూకట్‌పల్లిలో ఒక పెద్ద బట్టల షోరూంలో సేల్స్‌లో పనిచేశాను కాబట్టి కౌంటర్‌కి అటువైపు ఏం జరుగుతుందో కొంత తెలుసు, ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలు ఉన్నారు కాబట్టి ఫోన్లో ఏం జరుగుతుందో రోజూ చూస్తున్నాను. ఊరి నుంచి అమ్మానాన్న పంపే డబ్బుతో అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లకి, మొదటి జీతం ఇప్పుడిప్పుడే చూస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. బ్రాండెడ్ బట్టలు కొనొద్దని చెప్పను, మంచి బట్ట కట్టాలనుకోవడంలో తప్పేముంది. మీ చేత ఎవరు ఎలా కొనిపిస్తున్నారో తెలిసి కొనండి.

ముందు ఈ కోరిక ఎక్కడ మొదలైందో చూడండి

ఏదైనా కొనాలనిపించగానే, రేటు చూడకముందే, దీన్ని మొదట ఎక్కడ చూశానని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఉన్న బూట్లు అరిగిపోయి కొత్తవి కావాలనిపించిందా, లేక అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే పెద్ద బోర్డు మీద కనిపించి, రాత్రి రీల్స్‌లో మళ్లీ కనిపించి, క్లాసులో ఒకడు వేసుకొస్తే మూడోసారి చూసి అప్పుడు "నాకూ కావాలి" అనిపించిందా? ఒకే వస్తువు పదే పదే కంటపడితే అది తెలిసినదానిలా, నమ్మదగ్గదానిలా అనిపించడం మనిషి స్వభావం. ప్రకటనల వాళ్లు డబ్బు పోసి కొనుక్కునేది ఈ పరిచయాన్నే.

ఫోన్లో ఇది ఇంకా సూటిగా జరుగుతుంది. ఒక షూ పేజీ తెరిచి కాసేపు చూశారనుకోండి, ఆ సైట్లో ఉన్న ట్రాకింగ్ కోడ్ ఆ సంగతిని ప్రకటనల కంపెనీలకి చేరవేస్తుంది, ఇక ఆ షూ ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో, చివరికి వార్తల సైట్లో కూడా మీ వెంటపడుతుంది. ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తోంది, అందరూ ఇదే కొంటున్నట్టున్నారు అనిపిస్తుంది కదా. అందరికీ కనబడటం లేదు, మీకే కనబడుతోంది. పక్క బెడ్ మీద ఉన్న మీ రూమ్మేట్ ఫోన్లో వేరే వస్తువు తిరుగుతూ ఉంటుంది, కావాలంటే అడిగి చూడండి.

దీన్ని తగ్గించడం పెద్ద పనేం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ అని ఉంటుంది, ప్రకటనల వాళ్లు మీ ఫోన్‌ని గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీని అక్కడ డిలీట్ చేయొచ్చు. ఐఫోన్లో అయితే ప్రైవసీలో ట్రాకింగ్‌కి వెళ్లి, యాప్‌లు అనుమతి అడగడాన్నే ఆపేయండి. ఇన్‌స్టాలో అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్ ఉంటాయి. ప్రకటనలు ఎలాగూ ఆగవు, వెంటపడటం మాత్రం తగ్గుతుంది, ఆ తేడా వారంలోనే తెలుస్తుంది.

హీరో వేసుకున్న టీషర్టు

మన దగ్గర అభిమానం చిన్న విషయం కాదు, అది వ్యాపారం చేసేవాళ్లకి మనకంటే బాగా తెలుసు. విజయ్ దేవరకొండ 2018లో రౌడీ వేర్ పేరుతో సొంత బ్రాండ్ మొదలుపెట్టారు, అభిమానుల్ని రౌడీలు అని పిలుచుకునే హీరో అదే పేరుతో బట్టలు తెస్తే ఆ టీషర్టు వేసుకున్నవాడు ఒక గుంపులో సభ్యుడైపోతాడు. ఇది కొత్త ఎత్తేం కాదు, అమెరికాలో నైకీ 1984లో మైకేల్ జోర్డాన్‌తో ఒప్పందం చేసుకుని మరుసటి ఏడాది ఎయిర్ జోర్డాన్ అమ్మకానికి పెట్టింది, బాస్కెట్‌బాల్ ఎన్నడూ ఆడనివాళ్లు కూడా ఇవాళ మాదాపూర్‌లో ఆ బూట్లేసుకుని తిరుగుతున్నారు. అభిమానంతో కొంటే కొనండి, నాకు అందులో అభ్యంతరం లేదు. కాకపోతే ట్యాగ్ మీదున్న రేటులో బట్టకెంత, పేరుకెంత అని మనసులో విడగొట్టుకోండి. అదే రకం గుడ్డ, అదే మందం ఉన్న టీషర్టు పేరు లేకుండా ఎంతకొస్తుందో జనరల్ బజార్లోనో ఇంకెక్కడో కనుక్కుంటే, మిగిలినదంతా మీరు ఆ పేరుకి కడుతున్న డబ్బు. అంత కట్టడానికి మీకు ఇష్టమైతే సరే.

పేరు కావాలి, డబ్బు పెట్టలేం అనుకుని ఫస్ట్ కాపీ, అంటే అసలుదానిలా కనిపించే నకిలీ, కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. నా మాట వినండి, అక్కడ బ్రాండ్ మీ మీద ఇంకా గట్టిగా పనిచేస్తోంది. నాలుగు నెలలకి సోల్ ఊడిపోయే బూట్లు లోగో కోసమే కొంటున్నారు, ఎవరైనా దగ్గరికొచ్చి చూస్తారేమోనని ఆ టెన్షన్ అదనం.

రీల్స్ చూసేటప్పుడు

హీరో టీవీ యాడ్‌లో కనబడితే అది యాడ్ అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మన మాటలే మాట్లాడుతూ, కేపీహెచ్‌బీలో మనలాంటి ఫ్లాట్‌లోనే ఉంటూ, "గైస్, నేను రోజూ ఇదే వాడతా" అని చెప్పే అమ్మాయి మాట మాత్రం అక్క మాటలా లోపలికి పోతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి.

2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్లకి స్పష్టంగా నియమాలు ఇచ్చింది. డబ్బు తీసుకున్నా, ఫ్రీగా వస్తువు తీసుకున్నా, ట్రిప్పుకి తీసుకెళ్లినా, డిస్కౌంట్ పొందినా ఆ సంగతి చెప్పి తీరాలి. వీడియో అయితే కింద డిస్క్రిప్షన్‌లో రాసి ఊరుకోకూడదు, వీడియోలోనే కనబడాలి, నోటితోనూ చెప్పాలి. పది హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య ఎక్కడో ఇరికించకూడదు. ప్రచారం ఏ భాషలో చేస్తే ఆ విషయమూ ఆ భాషలోనే చెప్పాలి, అంటే తెలుగు రీల్‌లో తెలుగులో. ఇవి పెట్టుకుని ఒక సాయంత్రం మీరు ఫాలో అయ్యేవాళ్ల పేజీలు చూడండి. ఎక్కడా యాడ్ అని ఉండదు గానీ బయోలో కూపన్ కోడ్ ఉంటుంది, ఆ కోడ్‌తో మీరు కొంటే వాళ్లకి కమీషన్ వెళ్లడం మామూలే. ఒక మనిషి నెలలో చూపించిన బట్టల్లో ఏదైనా రెండోసారి వేసుకుని కనిపించారా అని కూడా చూడండి. నిజంగా నచ్చిన బట్టని ఎవరైనా మళ్లీ వేసుకుంటారు.

సేల్ సంగతి

ఆషాఢం వస్తే ఊరంతా డిస్కౌంట్ బోర్డులే. ఆ నెల పెళ్లిళ్లు ఉండవు, బట్టల గిరాకీ పడిపోతుంది, పాత స్టాక్ కదిలితే శ్రావణానికి కొత్తది పెట్టొచ్చు, ఇదీ ఆషాఢం సేల్ అసలు లెక్క. ఆ లెక్కతో నిజంగా తగ్గించి అమ్మే సరుకు ఉంటుంది. నేను పనిచేసిన చోట దాంతోపాటు ఇంకో సరుకు కూడా వచ్చేది, సేల్ కోసమనే తెప్పించింది. కట్టలు విప్పి ట్యాగ్ వేసేటప్పుడే ఎంఆర్‌పీ 1,999, దాని మీద సగానికి సగం. ఆ షర్టు ఒక్క రోజు కూడా 1,999కి అమ్ముడుపోలేదు, అంతకి అమ్మాలని ఎవరూ అనుకోనూ లేదు. కొట్టేసిన అంకె మీ కళ్లకి కనబడాలని అక్కడ ఉందంతే. మొదట చూసిన అంకెని పట్టుకునే మన బుర్ర మిగతావి కొలుస్తుంది కాబట్టి 999 చవగ్గా తోస్తుంది. ఆ తొమ్మిదుల సంగతి మన అమ్మానాన్నలకి బాటా రేటుగా ఎప్పటినుంచో తెలిసిందే.

అందుకని ఎంత శాతం తగ్గించారో చదవకుండా, వేలితో ఆ పాత అంకెని మూసేసి, ఈ గుడ్డకి, ఈ కుట్టుకి నేను 999 పెడతానా అని అడగండి. ఆన్‌లైన్‌లో అయితే సేల్‌కి మూడు వారాల ముందే విష్‌లిస్ట్‌లో పెట్టి రేటు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, సేల్ రోజు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకో మాట, ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, బిల్లు ఎంఆర్‌పీని దాటితే అక్కడే అడగండి.

యాప్‌లలో ఇంకో గొడవ ఉంది. "రెండే మిగిలాయి", "పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని అబద్ధంగా తొందరపెట్టడం, మనం ఎంచుకోనిది కార్ట్‌లో చేర్చడం, చివరి పేజీలో కొత్త ఛార్జీలు తగిలించడం, వద్దు అని నొక్కాలంటే సిగ్గుపడేలా బటన్ మీద రాయడం, ఇలాంటివి 13 రకాలు 2023 నవంబర్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నిషేధం. తొందరపెట్టే గడియారం కనబడితే యాప్ మూసేసి మర్నాడు పొద్దున చూడండి. చాలాసార్లు ఆఫర్ అక్కడే ఉంటుంది. లేకపోయినా బట్టలకేం కరువు రాదు.

షాపులో అడుగుపెట్టాక

ప్రకటనలే ఇవ్వని బ్రాండ్ మనల్ని ఏం చేయదనుకుంటాం. టాటా వాళ్ల జూడియో చూడండి, ఆన్‌లైన్‌లో అమ్మదు, టీవీ యాడ్‌ల జోలికి పెద్దగా పోదు, అయినా శనివారం సాయంత్రం బిల్లింగ్ దగ్గర లైను ఉంటుంది. అక్కడ రేటే ప్రకటన, మిగతా ప్రచారం కొన్నవాళ్లు రీల్స్ పెట్టి ఉచితంగా చేస్తున్నారు. చవగ్గా ఉన్నచోట నష్టం వేరేలా వస్తుంది, ఒక ప్యాంటు కోసం వెళ్లి బుట్ట నింపుకుని వస్తాం. లోపలికి వెళ్లే ముందే ఏం కావాలో ఫోన్లో రాసుకుని, బుట్ట తీసుకోకుండా చేత్తో పట్టుకుని తిరగండి. చేతులు నిండితే ఆగిపోతాం.

ట్రయల్ రూంలో లైటు, అద్దం మిమ్మల్ని బాగా చూపించడానికే అమర్చి ఉంటాయి, అందుకే రంగుని కిటికీ దగ్గరో గుమ్మం దగ్గరో పగటి వెలుతురులో చూడండి. లోపలివైపు లేబుల్ మీద కాటన్ ఎంత, పాలిస్టర్ ఎంత చదవండి. మన ఏప్రిల్ ఎండలో బైక్ మీద తిరిగేవాళ్లకి లోగో కంటే ఆ శాతం ముఖ్యం. భుజం కుట్టు దగ్గర రెండు చేతులతో మెల్లిగా లాగితే దారం సందుల్లోంచి వెలుతురు కనబడిందా, అది నాలుగు ఉతుకులకి విచ్చుకుంటుంది. పోచంపల్లి ఇక్కత్ అని చెప్పి కుర్తా చేతికిస్తే వెనక్కి తిప్పండి. నేతలో వచ్చిన డిజైన్ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, ప్రింట్ అయితే వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. మన పక్క ఊరి నేతగాళ్ల పనిని ప్రింట్ కొట్టి అదే పేరుతో అమ్ముతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

బిల్లు కట్టేచోట క్యారీ బ్యాగ్ ఒకటి. కంపెనీ పేరు అచ్చేసిన సంచిని మోసుకుంటూ వాళ్ల ప్రచారం మనం చేస్తాం, దానికి డబ్బు కూడా మన దగ్గరే తీసుకుంటారు. ముందుగా చెప్పకుండా కౌంటర్ దగ్గర సంచికి డబ్బు వేయడం అనుచిత వ్యాపార పద్ధతేనని 2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. సంచి ఇంటి నుంచి తెచ్చుకోండి, గొడవే ఉండదు.

హల్దీకి పసుపు డ్రెస్

స్నేహితుల పెళ్లిళ్లే ఇప్పుడు పెద్ద ఖర్చు. మన ఇళ్లలో నలుగు పెట్టి మంగళస్నానం చేయించేటప్పుడు ఉన్నవాటిలో పాత చీర కట్టుకునేవాళ్లు, పసుపు అంటుతుందని. ఇప్పుడదే హల్దీ అయింది, అందరూ ఒకే పసుపు రంగులో రావాలి, తర్వాత మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కి ఇంకోటి. ఫొటోల కోసం కొన్న లెహంగా మళ్లీ వేసుకుంటే "ఇది అప్పుడు వేసుకున్నదే కదా" అంటారని భయం. అద్దెకిచ్చే షాపులు సిటీలో చాలానే ఉన్నాయి, అడ్వాన్స్ ఇచ్చి ముందుగా చెప్పి ఉంచాలి. లేదంటే మదీనా వైపో, జనరల్ బజార్‌కో వెళ్లి గుడ్డ తీసుకుని, మ్యాచింగ్ సెంటర్‌లో లైనింగ్ కొని టైలర్‌కి ఇవ్వండి, బ్లౌజ్ విడిగా మరో చీర మీదకి పనికొచ్చేలా కుట్టించుకోండి. నలుగురు స్నేహితులు కలిసి "మేం ఉన్నవే వేసుకొస్తాం" అని గ్రూప్‌లో ముందే చెప్పేస్తే ఐదో అమ్మాయికి ప్రాణం లేచొస్తుంది. ఆ మాట అనడానికి ఒకరు ముందుకు రావాలి, మీరే రండి.

ఏది కొన్నా రేటుని ఎన్నిసార్లు వేసుకుంటారో దానితో భాగించండి. 900 టీషర్టు ముప్పైసార్లు వేసుకుంటే ఒక్కోసారికి 30 రూపాయలు, 4,500 డ్రెస్ మూడుసార్లే వేసుకుంటే 1,500. అప్పు చేసి కొంటుంటే ఇంకా ఆలోచించండి. వడ్డీ లేని కిస్తీలని చెప్పే నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ సాధారణంగా పడతాయి, కిస్తీ తప్పితే పెనాల్టీ, పైగా అప్పులు ఎలా తీరుస్తున్నారో చూసి వేసే మార్కు, సిబిల్ స్కోరు, దెబ్బతింటుంది. రేపు చదువు లోనుకో, ఇంటి లోనుకో వెళ్తే అది అడ్డొస్తుంది.

మోసం అనిపిస్తే

చూపించింది ఒకటి, వచ్చింది ఇంకోటి అయితే, చెప్పకుండా ఛార్జీలు వేస్తే, డబ్బు తీసుకుని యాడ్ అని చెప్పకుండా ప్రచారం చేస్తే ఊరుకోకండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు, ప్రచారం చేసిన సెలబ్రిటీకి కూడా. ప్రకటన స్క్రీన్‌షాట్, ఆర్డర్ పేజీ, బిల్లు, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబర్ రాసి ఉంచుకోండి. అప్పటిదాకా ట్యాగ్ తెంపకండి, ఉతకకండి.