“అన్నీ నా బుర్రలోనే ఉన్నాయి” అనే యజమానితో పని పద్ధతి రాయించడం: సమస్య - పరిష్కారం

విజయవాడ, గుంటూరు షాపుల్లో, చిన్న చిన్న యూనిట్లలో లెక్కలు చూడటం నా పని. పదహారేళ్లుగా ఇదే. ఇక్కడ వ్యాపారం తెలిసినవాళ్లకి కొదవ లేదు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టమంటే మాత్రం “చూద్దాంలేవయ్యా” అని మాట మార్చేస్తారు. ఆ యజమాని పక్కనే ఉండి ఇబ్బంది పడుతున్న కొడుకు, కూతురు, కోడలు, మేనేజరు, గుమస్తా కోసం ఇది రాస్తున్నాను.

“రాయను” అనే మాట అందరిదీ ఒకటే అయినా దాని వెనక కారణాలు వేరు. కారణం కనుక్కోకుండా కొత్త రిజిస్టరు కొని చేతిలో పెడితే అది నేరుగా అల్మారాలోకి వెళ్తుంది. ఇంకో మాట. ఏ యజమానినీ కూర్చుని రాయమనకండి. ఆయన చెప్పాలి, మీరు రాయాలి.

“నేనున్నాగా, రాయడం ఎందుకు?”

లక్షణం: యజమాని తిరుమల వెళ్తారు. ఫోన్ డిపాజిట్ చేసి దర్శనానికి వెళ్లిన ఆ కొన్ని గంటలూ ఇక్కడ బిల్లింగ్ ఆగిపోతుంది. బయటికి రాగానే వరసగా మిస్డ్ కాల్స్.

కారణం: తను లేకపోతే పని ఆగడం ఆయనకి విసుగే, కానీ లోపల ఎక్కడో ధైర్యం కూడా. ముప్పై ఏళ్లు నిలబెట్టిన షాపు తనని అడగకుండా నడిచిపోతే ఇక తను దేనికి అన్న దిగులు దాని వెనక ఉంటుంది. పైకి అనరు.

పరిష్కారం: వాదనకి దిగొద్దు. ఒక వారం పాటు షాపు నుంచి ఆయనకి వెళ్లే ప్రతి ఫోనూ నోటుబుక్కులో రాయండి. ఎవరు చేశారు, ఏం అడిగారు, ఆయన ఏం చెప్పారు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో ఇలా రాస్తే అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఒకటే: పాత బాకీ ఉన్న పార్టీకి కొత్త సరుకు ఇవ్వాలా వద్దా? ఆయన జవాబు కూడా ప్రతిసారీ ఒకటే. బాకీ నెల లోపైతే ఇచ్చెయ్. నెల దాటితే సగం కట్టించుకుని ఇవ్వు. రెండు నెలలు దాటితే నాతో మాట్లాడించు. ఆ మూడు ముక్కలూ చదివి వినిపిస్తే “నేను రోజూ చెప్పేది ఇదేగా” అన్నారు. అదే వాళ్ల మొదటి పేజీ అయింది. మూడో ముక్కలో ఆయన చోటు ఆయనకే ఉంది చూడండి. అలాంటి చోటు ప్రతి పేజీలోనూ ఉంచండి. దాంతో సగం బెట్టు సడలుతుంది.

“మా పని రాతకి లొంగేది కాదు”

అన్నిటికన్నా నిజాయితీగా వచ్చే అభ్యంతరం ఇది. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను.

గుంటూరులో ఇంట్లో మొదలై ఇప్పుడు ఎనిమిది మంది ఆడవాళ్లతో నడుస్తున్న పచ్చళ్ల యూనిట్ ఒకటుంది. యజమానురాలిని అందరూ పిన్నిగారనే అంటారు. ఏప్రిల్ ఆఖర్లో ఆవకాయ కలుపుతున్నప్పుడు పక్కన కూర్చున్నాను.

“ఆవపిండి ఎంత పిన్నిగారూ?”

“చూసి వేస్తానయ్యా.”

“ఏం చూస్తారు?”

ఆవిడ చెయ్యి ఆగింది. ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడిగినట్టు లేరు. కాసేపు ఆలోచించి, “ముక్క కొరికి చూస్తా. పులుపు మరీ ఎక్కువుంటే ఉప్పు, కారం కాస్త ముందుకేస్తా” అన్నారు. చిన్న కాటా తెప్పించి, ఆవిడ తీసిన గుప్పెడు ఆవపిండిని ఆరుసార్లు తూచాం. ఆరుసార్లూ 40 గ్రాములకి రెండు గ్రాములు అటో ఇటో. అక్కడున్న ఆడవాళ్లంతా కాటా చుట్టూ చేరారు. పిన్నిగారు తన అరచెయ్యి వంక చూసుకుని, “ముప్పై ఏళ్ల చెయ్యమ్మా ఇది” అన్నారు. అప్పటిదాకా రాస్తానంటే విసుక్కున్నావిడ, ఆ తర్వాత “కారం కూడా తూచు” అని తనే అడిగారు.

కారణం అక్కడ తేలింది. రాయడమంటే తన పనితనాన్ని మామూలు లెక్కగా దిగజార్చడమని ఆవిడ అనుకున్నారు. కాటా మీద ఆ చెయ్యి విలువ కళ్లారా కనబడ్డాక ఆ బాధ పోయింది.

పేజీ ఇలా వచ్చింది. పది కిలోల ముక్కకి ఏది ఎంత తూకమో మొదట. ఆ అంకెలు ఇక్కడ రాయను, అవి ఆవిడవి. తర్వాత హద్దు: ముక్క పులుపుని బట్టి ఉప్పు ఎంతవరకు పెంచొచ్చో, అంతకు మించితే పిన్నిగారిని పిలవాలని. చివర్న కంటికి కనిపించే గుర్తు: మూడో రోజు తిరగకలిపాక ముక్క మీద నూనె వేలి మందం తేలాలి. చేతిపని ఏదైనా సరే, అంకె ఎక్కడ కుదురుతుందో అక్కడ అంకె, కుదరనిచోట హద్దు, హద్దు కూడా చెప్పలేనిచోట గుర్తు రాయండి.

మాటల్లో పెట్టలేనివి కొన్ని ఉంటాయి. మిర్చి యార్డులో సరుకు చూసేవాళ్లు గుప్పెడు కాయలు తీసి ఊపుతారు. లోపల గింజ గలగలమంటే ఎండింది, కాయ మెత్తగా వంగితే ఇంకా తేమ ఉంది. రంగు సంగతి అసలు ఏ మాటా చెప్పలేదు. అలాంటప్పుడు మూత గట్టి గాజు సీసాలు మూడు పెట్టండి: తీసుకోదగ్గది, తీసుకోకూడనిది, అనుమానంగా ఉన్నది. మూడోదే అసలు పాఠం, కొత్త కుర్రాడు తడబడేది అక్కడే. వెలుతురు తగిలితే మిరప రంగు వెలిసిపోతుంది కాబట్టి సీసాలు చీకట్లో ఉంచి, ప్రతి సీజన్‌కీ కొత్త కాయలు నింపాలి.

“ఇన్నేళ్ల అనుభవం, నాకు కాగితమా?” అని కోప్పడే పెద్దలకి నేను చెప్పే సంగతి ఒకటుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ కొత్త బాంబర్ విమానం పరీక్షలో లేచిన కాసేపటికే కూలింది. నడిపినవాళ్లు ఆరితేరిన పైలట్లు. నేల మీద ఉన్నప్పుడు తోక వైపు కదిలే భాగాలు గాలికి కదలకుండా వేసే లాకు తీయడం మర్చిపోయారు, అంతే. ఆ తర్వాతే పైలట్లకి రాతపూర్వకమైన చెక్‌లిస్టు అలవాటైంది. పని రానివాళ్ల కోసం పుట్టిన కాగితం కాదది.

“రాస్తే ఎత్తుకుపోతారు”

లక్షణం: సరుకు వివరాలు, రేట్లు, మసాలా పాళ్లు ఏవీ చెప్పరు. రాత్రి షట్టర్ దింపాక ఒక్కరే కలుపుతారు.

కారణం: మన దగ్గర పనిచేసినవాడే రెండు వీధుల అవతల బోర్డు పెట్టడం ఈ ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. భయం ఉత్తది కాదు. అయితే ఆ బోర్డు పెట్టినవాడు కాగితం చూసి పెట్టలేదు, నాలుగేళ్లు పక్కన నిలబడి చూసి పెట్టాడు. ఈ మాట యజమానితో నెమ్మదిగా అనండి.

పరిష్కారం: గుట్టునీ పనినీ విడదీయండి. గుట్టు మిశ్రమాన్ని ఇంట్లోనే తూచి పొట్లాలు కట్టి “ఏ”, “బీ” అని రాస్తే చాలు. పనివాళ్ల కాగితంలో “20 కిలోల పిండికి ‘బీ’ పొట్లం ఒకటి” అని మాత్రమే ఉంటుంది. అసలు పాళ్లు రెండు ప్రతులు: ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర.

గుట్టు ఒక్క బుర్రలో ఉంటేనే భద్రం అనుకుంటాం. నేను లెక్కలు చూసిన ఒక మిర్చి ట్రేడింగ్ షాపులో యజమానికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏ కోల్డ్ స్టోరేజీలో ఎవరి పేరున ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయో, ఏ పార్టీకి ఏ రేటుకి మాటిచ్చారో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి మంచం పక్కన ఆయన భార్య ఫోన్లో ఉన్న పేర్లు ఒక్కొక్కటే చదివేవారు. అవునైతే ఆయన కళ్లు మూసేవారు. రోజుకి పది పేర్లకే అలసిపోయేవారు. ఆవిడ పక్కన పుస్తకం పట్టుకుని రాసింది నేనే. అప్పటినుంచి ఈ విషయంలో నేను మొహమాటపడటం మానేశాను.

“సీజన్, ఊపిరి సలపట్లేదు”

నిజమే, సీజన్లో రాయలేరు. అప్పుడు రికార్డు మాత్రం చేయండి. ఆయన గుమస్తాకి వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజీలు డిలీట్ కాకుండా ఒక గ్రూపులోకి పంపుకోండి. పని జరుగుతుంటే రెండు నిమిషాల వీడియో తీయండి. రాత సంగతి తీరికున్నప్పుడు: మిర్చి అయితే యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు, బట్టలు, క్యాటరింగ్ అయితే మూఢంలో.

“రాయించాం, ఎవరూ చూడరు”

ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే ఒక షెడ్డులో ఇంగ్లీషులో లావుపాటి ఫైలు చూపించారు. సర్టిఫికెట్ కోసం ఎవరో తయారుచేసి ఇచ్చింది. వెల్డింగ్ చేసే కుర్రాళ్లలో ఒక్కరూ దాన్ని తెరవలేదు. అసలు సంగతి ఏంటంటే అంత ఫైలు ఎవరూ అడగలేదు కూడా. నాణ్యత సర్టిఫికెట్‌కి ఆధారమైన ఐఎస్‌ఓ 9001 నియమాల పాత 2008 కూర్పులో ఆరు పద్ధతులు తప్పకుండా రాసి ఉంచాలనేవారు. 2015 కూర్పు ఆ ఆరింటి నియమం తీసేసి, ఏ పనికి ఎంత రాత అవసరమో చాలావరకు సంస్థకే వదిలింది.

ఒక పనికి ఒక పేజీ. పని జరిగేచోటే గోడకి. పనివాళ్లు వాడే మాటల్లోనే. తెలుగు చదవలేనివాళ్లుంటే ఫొటోలు. ఒక కారం యూనిట్‌లో ఇప్పుడు గోడ మీదున్న పేజీ ఇది:

ట్రాన్స్‌పోర్టుకి సరుకు వేసేటప్పుడు
1. ఆర్డరు చీటీ ఒకరు చదవాలి, ఇంకొకరు పెట్టెని ముట్టుకుని లెక్క చెప్పాలి.
2. పెట్టె మీద పార్టీ పేరు, ఊరు, 1/4, 2/4 అని నంబరు.
3. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ పోర్టల్లో తీసే రవాణా పత్రం) తీశాకే బండి కదలాలి.
4. ఎల్‌ఆర్ (ట్రాన్స్‌పోర్టువాళ్లు ఇచ్చే లారీ రసీదు) ఫొటో సాయంత్రం 7 లోపు పార్టీ వాట్సాప్‌కి.
5. తడిసిన పెట్టె, నలిగిన పెట్టె ఎక్కించొద్దు. అన్నయ్యకి ఫోన్ చేయాలి.

పేజీ బాగుందో లేదో తేల్చేది గతవారం చేరిన మనిషి. చేతికిచ్చి పక్కన మాట్లాడకుండా నిలబడండి. ఎక్కడ ఆగి మీ మొహం చూస్తే అక్కడ కాగితం తప్పు.

“రాస్తే లెక్కలు బయటపడతాయి”

ఈ భయం ఉన్నవాళ్లకి పని పద్ధతి వేరు, ఖాతా పుస్తకం వేరు అని చెప్పండి. పని ఎలా చేయాలో రాస్తున్నాం, ఎంత వచ్చిందో కాదు. ఖాతాల సంగతి వేరే చట్టం చూసుకుంటుంది: జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాల్సిందే.

“రాసింది పాతబడిపోయింది”

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ స్లాబులు మారాయి. పాత రేట్ల కాగితం గోడ మీదే ఉండి, కొత్త కుర్రాడు దాన్ని చూసి బిల్లు కొట్టిన షాపులు నాకు తెలుసు. ప్రతి పేజీ కింద తేదీ, మార్చే మనిషి పేరు ఉండాలి. రేట్ల లాంటి మారే సంగతులు విడిగా ఒక్క కాగితం మీదే పెట్టండి, పది చోట్ల పెట్టొద్దు.

కాగితంతో పాటు ప్రతి పేజీ ఫొటో కుటుంబంలో ఇద్దరి ఫోన్లలో, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, ముద్దయిపోయిన బిల్లు పుస్తకాల్ని డాబా మీద ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టుకున్నవాళ్లని చూశాను. సిరా కారిపోయి అంకెలు పోయాయి.

ఏదీ కుదరనప్పుడు

ఇవన్నీ చేసినా కదలకపోతే, యజమానిని రెండు రోజులు పెళ్లికో పుష్కరానికో పంపండి. షాపు నుంచి ఫోన్ వస్తే జవాబు చెప్పకుండా “గోడ మీద చూడు” అని మాత్రమే అనమనండి. గోడ మీద లేకపోతే ఆ ప్రశ్న రాసిపెట్టుకోమనండి. అప్పటికి జవాబు చెప్పొచ్చు, పని ఆపక్కర్లేదు. తిరిగొచ్చిన రోజు ఆయనతో టీ తాగుతూ ఆ ప్రశ్నల చీటీ ముందు పెట్టుకోండి. తర్వాత రాయాల్సిన పేజీ అందులోనే ఉంటుంది.