పిండ హృదయ లయ - నాలుగో పాఠం: మందు ప్రభావాన్ని వీడియోలో చదవడం

2 రోజులు నిండిన జీబ్రా చేప పిండాన్ని సూక్ష్మదర్శిని కింద పక్కకు పడుకోబెట్టి, గుండెను వీడియో తీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ వీడియోలో మందు చేసిన మార్పును గుర్తించాలి.

అంతకు ముందు గిన్నెలోని నీటి ఉష్ణోగ్రత చూడండి. అది 28.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, ఏసీ లేని గదిలో వేడెక్కిన పిండం గుండె వేగం పుంజుకుని మందు తెచ్చిన మందగమనాన్ని కప్పిపుచ్చగలదు. ఏసీ గాలి నేరుగా గిన్నెకు తగిలితే మందు లేకుండానే గుండె నెమ్మదిస్తుంది. మందును డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగించి ఉంటే, పోలిక కోసం ఉంచిన పిండాలకు కూడా అంతే డీఎంఎస్ఓ కలపాలి.

ఇక లెక్క. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందన్న ఒక్క అంకెతో తృప్తిపడటమే ఈ పనిలో ఎక్కువగా కనిపించే తొందరపాటు. కర్ణికను ఒకసారి, జఠరికను మరోసారి, వీడియో వేగం తగ్గించి విడివిడిగా లెక్కించండి. 15 సెకన్లలో కర్ణిక 36 సార్లు, జఠరిక 18 సార్లు ముడుచుకుంటే, నిమిషానికి 144, 72 అవుతాయి. అంటే కర్ణిక నుంచి వచ్చే ప్రతి రెండు విద్యుత్ సంకేతాలలో ఒకటి జఠరికలో స్పందన లేకుండా పోతోంది. దీన్నే 2:1 అడ్డంకి అంటారు. రెండూ సమానంగా తగ్గితే అది వేరే విషయం: అప్పుడు లయను పుట్టించే కణాలనే అనుమానించాలి.

అలర్జీకి విరివిగా వాడి, గుండె లయను ప్రాణాపాయంగా చెదరగొడుతోందని 1998లో అమెరికాలో ఉపసంహరించిన టెర్ఫెనడిన్, చేప పిండంలో సరిగ్గా ఈ 2:1 అడ్డంకినే కలిగిస్తుంది. ముడుచుకున్న కణం తిరిగి విశ్రాంత స్థితికి రావాలంటే పొటాషియం బయటికి పోవాలి. ఆ దారులలో ముఖ్యమైన హెర్గ్ ఛానెల్‌ను ఈ మందు మూసివేయడంతో, తరువాతి సంకేతం వచ్చేసరికి జఠరిక ఇంకా సిద్ధంగా ఉండదు.

ఎలుక పిండాలలో తొలి దశ గుండె ఈ ఛానెల్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఇతర పొటాషియం ఛానెళ్లు ఆ భారాన్ని పంచుకునేది తరువాతే. అందుకే తల్లి గుండె తట్టుకున్న మోతాదే పిండం గుండెను నెమ్మదింపజేయగలదు. అయితే చేపలో, ఎలుకలో చూసినదాన్ని నేరుగా మనిషికి అన్వయించకూడదు. గర్భిణులు వాడుతున్న మందులను ఇటువంటి ఫలితాలు చదివి సొంతంగా మానకూడదు.

సాధన: 20 సెకన్లలో కర్ణిక 45 సార్లు, జఠరిక 30 సార్లు ముడుచుకుంది. నిమిషానికి రెండింటి వేగం కట్టి, ఎన్ని సంకేతాలకు ఒకటి ఆగుతోందో రాయండి. జవాబు ఐదో పాఠంలో.