గ్రూప్ ఫోటోలో మొహాలు మసకగా వస్తున్నాయా? కెమెరాను తిట్టే ముందు ఇవి చూడండి

ముందు లెన్స్ తుడవండి. చుట్టాలందరూ కలిసిన రోజు ఫోన్ పదిమంది చేతులు మారుతుంది, అందులో సగం తినే చేతులు, పిల్లలైతే సరిగ్గా కెమెరా మీదే వేలు పెట్టి పట్టుకుంటారు. ఫోటో అంతా పొగ పట్టినట్టుండి, దీపాల చుట్టూ వెలుగు గీతల్లా సాగి కనిపిస్తే అది జిడ్డు. మెత్తటి నూలు గుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది. ఇది చెప్తే నవ్వేసి "సెట్టింగ్స్‌లో ఏదో ఉండాలండీ" అనేవాళ్లే ఎక్కువ. తుడిచాకే కిందది చదవండి.

లెన్స్ శుభ్రంగానే ఉంది, అయినా మొహాలు మసకగా ఉన్నాయి. ఇక్కడే అందరూ "ఫోకస్ కుదరలేదు" అని తేల్చేసి, స్క్రీన్ మీద ఇంకో నాలుగుసార్లు నొక్కి, మళ్లీ అదే ఫోటో తీస్తారు. ఫోన్‌తో తీసే గ్రూప్ ఫోటోలో ఫోకస్ తప్పడం నిజానికి తక్కువ. ఫోన్ సెన్సర్ (వెలుగును పట్టే చిప్) చిన్నది కాబట్టి నాలుగడుగులు వెనక్కి నిలబడితే రెండుమూడు వరుసలు ఇట్టే పదునుగా వస్తాయి. పెద్ద కెమెరాలో ఎఫ్/1.8 పెట్టి, అంటే లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి, మూడు వరుసలు తీస్తే మాత్రం వెనక వాళ్లు మసకబారతారు. రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య పెట్టి, మధ్య వరుస కంటే కాస్త ముందుకు ఫోకస్ చేస్తే సరిపోతుంది.

అసలు దొంగ షటర్ స్పీడ్, అంటే ఫోటో తీసేటప్పుడు కెమెరా ఎంతసేపు వెలుగును లోపలికి తీసుకుంటుందన్నది. నన్ను ఎక్కువసార్లు ఏడిపించింది ఇదే, ఎందుకంటే ఫోటో తీసేటప్పుడు ఇది ఎక్కడా బయటపడదు. గదిలో లైట్లన్నీ వేసి ఉంటాయి, మన కంటికి అంతా వెలుగుగానే ఉంటుంది, ఫోన్ స్క్రీన్‌లో కూడా కళకళలాడుతూ కనిపిస్తుంది. కానీ మన కన్ను తక్కువ వెలుగుకి తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి మోసపోతాం. బయట చెట్టు నీడలో ఉండే వెలుగుతో పోలిస్తే మామూలు గదిలో ఉండేది ఎన్నో రెట్లు తక్కువ. ఆ తక్కువ వెలుగులో ఫోటోను ప్రకాశవంతంగా చూపించాలంటే ఆటో మోడ్ షటర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 15వ వంతో, 20వ వంతో. నైట్ మోడ్ దానంతట అది ఆన్ అయితే ఏకంగా ఒకట్రెండు సెకన్లు. అంతసేపట్లో ఎవరో ఒకరు తల తిప్పుతారు, ఒకరు నవ్వుతారు, ఒళ్లో పిల్లాడు ఎలాగూ కదులుతాడు.

"నా ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా" అంటారు. ఉంది, కానీ అది మీ చేతి వణుకును సర్దుతుందే గానీ తాతయ్య తల ఊపడాన్ని ఆపలేదు.

ఇదేనా కాదా తేల్చుకోవడం తేలిక. ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి. వెనక గోడ, కుర్చీల అంచులు పదునుగా ఉండి కొన్ని మొహాలు, చేతులు మాత్రమే చెదిరి ఉంటే మనుషులు కదిలారు, షటర్ నెమ్మదిగా ఉంది. అంతా ఒకే వైపు సాగినట్టుంటే కదిలింది మీ చెయ్యి. మొహాలు మసకగా ఉండి వాళ్ల ముందో వెనకో ఉన్న వస్తువు పదునుగా ఉంటే, అప్పుడు ఫోకస్ తప్పు. ఇంకా అనుమానం ఉంటే గ్యాలరీలో ఆ ఫోటో వివరాలు తెరవండి, చాలా ఫోన్లలో ఫోటోను పైకి జరిపితే వస్తాయి. అక్కడ 1/20, 1/15 లాంటి అంకె ఉంటే దొరికినట్టే. ఈ తనిఖీ జనం చెదిరిపోకముందే చేయాలి. ఇంటికెళ్లాక చూసుకుని ప్రయోజనం లేదు, అంతమందిని మళ్లీ ఒకచోట నిలబెట్టడం ఎవరి వల్లా కాదు.

పరిష్కారాల్లో మొదటిది, నా లెక్కలో సగం పని అదే చేసేస్తుంది: అందరినీ వెలుగులోకి తీసుకురండి. వరండాలోకో, బయట నీడలోకో. ఎండ నెత్తిన పడేచోట వద్దు, కళ్ల కింద నల్లగా నీడలు పడతాయి, సగంమంది కళ్లు చికిలిస్తారు. బయటికి రావడం కుదరకపోతే పెద్ద కిటికీకి ఎదురుగా నిలబెట్టి, మీరు కిటికీకి వీపు పెట్టి తీయండి. రెండోది, నైట్ మోడ్ ఆపి, ప్రో మోడ్‌లో (సెట్టింగ్స్ మనమే మార్చుకునే మోడ్) షటర్ 1/125 పెట్టండి. పిల్లలుంటే 1/250. ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫోటోను ప్రకాశవంతంగా చేసే అంకె) 1600 దాకా పెరిగినా కంగారు పడకండి, ఫోటోలో కాస్త గింజలు కనిపిస్తాయి, అంతే. చెదిరిన మొహాన్ని మాత్రం తర్వాత బాగుచేయలేం. పదును పెంచే యాప్‌లో వేస్తే అది లేని వివరాలను ఊహించి గీస్తుంది, ఫోటోలో అమ్మమ్మ స్థానంలో ఇంకెవరో ఉంటారు. ఎల్ఈడీ లైట్ల కింద అడ్డచారలు వస్తే షటర్‌ను 1/100కో 1/120కో దించి చూడండి. ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే "కదలకండి" అని గట్టిగా చెప్పి, వరసగా నాలుగైదు తీయండి. ఫోన్ ఫ్లాష్‌ను నమ్ముకోవద్దు, అది రెండు మూడు మీటర్లు దాటితే పనికిరాదు. ముందు వరుస మరీ తెల్లగా వస్తుంది, వెనక వరుస చీకట్లోనే ఉంటుంది.

ఎవరో ఒకరు కళ్లు మూసేస్తున్నారా? దీనికి లెక్కే ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ ఈ లెక్క వేసి 2006లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి) కూడా అందుకున్నారు. 20 మంది లోపు గుంపైతే మంచి వెలుగులో మనుషుల సంఖ్యను మూడుతో భాగించి, వెలుగు తక్కువైతే రెండుతో భాగించి, ఎంత వస్తే అన్ని ఫోటోలు తీయాలి, అప్పుడు ఒక్కదానిలోనైనా అందరి కళ్లూ తెరిచే ఉంటాయని లెక్క. పదిహేను మందికి ఐదు, చీకటి గదిలో అయితే ఎనిమిది. "ఒక్కటి చాల్లే" అనే మావయ్యలకు ఇది చెప్పండి.

చివర్లో నిలబడ్డవాళ్లు లావుగా, తల సాగినట్టు వస్తున్నారంటే మీరు ఎక్కువ వెడల్పు చూపించే 0.5 లెన్స్ వాడుతున్నారు. వెనక్కి నడిచి 1ఎక్స్‌తో తీయండి. జాగా లేకపోతే ఇంకో వరుస చేసి గుంపును ఇరుకు చేయండి.

మొహాలు నల్లగా వస్తే వెనక కిటికీయో ఆకాశమో ఉంది. తిరిగి నిలబడమనండి.

మీ ఫోన్‌లో బాగుండి అవతలివాళ్లకు మసకగా కనిపిస్తే ఫోటో తప్పు కాదు, వాట్సాప్ దాన్ని కుదించింది. డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక లెన్స్ లోపల తేమ, ఫోకస్ మోటార్ పాడవడం, అప్‌డేట్ తర్వాత కెమెరా చెడిపోవడం లాంటివి ఉంటాయి గానీ చాలా అరుదు. అనుమానంగా ఉంటే పగటి వెలుగులో ఒక న్యూస్‌పేపర్‌ను గోడకి అంటించి ఫోటో తీయండి. అక్షరాలు స్పష్టంగా వస్తే కెమెరా బాగానే ఉంది, మళ్లీ షటర్ అంకె దగ్గరికే వెళ్లండి.