టెక్సస్ పల్లె కౌంటీలో ఏ పనికి ఏ గుమ్మం తట్టాలి

ఊరికి దూరంగా పదెకరాలు కొని ఇల్లు కట్టుకున్నాక మొదటి వానకాలంలోనే తెలిసొస్తుంది, ఇక్కడ మున్సిపాలిటీ లేదని. ఉన్నది కౌంటీ. టెక్సస్‌లో ఇవి 254. పనులు ఆగిపోయేది ఎక్కువగా అధికారులు పట్టించుకోక కాదు, మనం తప్పు మనిషిని అడగడం వల్ల, లేదంటే సరైన మనిషినే సమయం దాటాక అడగడం వల్ల.

కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా ఇది పాలకమండలి, మన జిల్లా పరిషత్తులా అనుకోవచ్చు. కౌంటీ మొత్తం ఓటేసి గెలిపించే కౌంటీ జడ్జి, నాలుగు ప్రీసింక్టుల (కౌంటీని విడగొట్టిన భాగాల) నుంచి నలుగురు కమిషనర్లు, వెరసి ఐదుగురు. జడ్జికి లా డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. షెరీఫ్, పన్ను వసూలు అధికారి, కౌంటీ క్లర్క్, ట్రెజరర్ కూడా ఎవరికి వారు ఓట్లతో గెలిచినవాళ్లే. అందుకే షెరీఫ్ మీద జడ్జికి చెప్పుకుంటే పెద్దగా లాభం ఉండదు. ఈ ఐదుగురు షెరీఫ్ బడ్జెట్‌లో కోత పెట్టగలరు గానీ ఎవరి మీద కేసు పెట్టాలో ఆయనకు చెప్పలేరు.

ఎక్కువమందికి కౌంటీతో పని పడేది రోడ్డు దగ్గరే. ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. బోర్డు మీద ఎఫ్ఎం, ఆర్ఎం, ఎస్‌హెచ్ అని ఉంటే అది రాష్ట్ర రవాణా శాఖది, కమిషనర్ దాన్ని ముట్టుకోడు. సీఆర్ అని ఉంటే కౌంటీది. ఈ రెండూ కాక, ప్లాట్లు అమ్మినవాడు వేసి వదిలేసి పోయిన రోడ్డు ఒకటుంటుంది. కౌంటీ దాన్ని అధికారికంగా స్వీకరించకపోతే అది ప్రైవేటు రోడ్డే. దాని మీద ఒక్క ట్రక్కు కంకర పోసినా ప్రజల సొమ్ము ప్రైవేటు అవసరానికి పెట్టినట్టవుతుంది, రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదు. స్థలం కొనక ముందే, ఈ రోడ్డును కౌంటీ నిర్వహణకు తీసుకుందా, ఏ తేదీ మీటింగులో తీసుకుందని కౌంటీ క్లర్క్ ఆఫీసులో అడగండి. ఏజెంటు నోటిమాట ఇక్కడ చెల్లదు.

సీఆర్ రోడ్డయితే మీ ప్రీసింక్ట్ కమిషనర్‌నే పట్టుకోండి. చాలా పల్లె కౌంటీల్లో గ్రేడర్ (మట్టిరోడ్డు గీరి చదును చేసే బండి), డంప్ ట్రక్కు, మనుషులు ఆయన చేతికిందే ఉంటారు. కమిషనర్ ప్రీసింక్ట్ నెంబరు మీ ఓటరు కార్డు మీద ఉంటుంది. కార్డు లేనివాళ్లకు క్లర్క్ ఆఫీసులో చిరునామా చూసి చెబుతారు. ‘రోడ్డు బాగాలేదు’ అంటే ఏ పనీ జరగదు. రోడ్డు నెంబరు, దగ్గరి కూడలి నుంచి ఎంత దూరం, గుంత వెడల్పు, లోతు అంగుళాల్లో, స్కూలు బస్సు అటుగా వెళుతుందా లేదా అన్నవి రాసి, పక్కన టేపు పెట్టి తీసిన ఫోటో జతచేసి ఈమెయిల్ పంపండి. ఫోన్ చేసినా తర్వాత ఈమెయిల్ పంపడం మానకండి, తేదీకి అదే సాక్ష్యం. అన్నిటికన్నా ముఖ్యం, నీరు ఎక్కడ ఆగుతోందో చెప్పడం. రోడ్డు కింది తూము పూడుకుపోతే ఎన్ని ట్రక్కుల కంకర పోసినా మరుసటి వానకు కొట్టుకుపోతుంది. ఆ తూము మీ గేటు ముందుదే అయితే తప్పు మీదే కావచ్చు, ముందు అది చూసుకోండి. ఆగస్టు ఎండలో గ్రేడర్ రాలేదని తిట్టుకోవడమూ దండగ. ఎండిన మట్టిని గీరితే దుమ్ము లేస్తుంది గానీ అణగదు. వాన పడి నేల కాస్త చెమ్మగా ఉన్నప్పుడే ఆ పని నిలుస్తుంది.

అలా పని కదలకపోతే కమిషనర్స్ కోర్టు మీటింగుకు వెళ్లాల్సిందే. సాధారణంగా పనిదినాల్లో పొద్దునపూట పెడతారు, సెలవు పెట్టుకోక తప్పదు. 2025 సెప్టెంబరు 1 నుంచి ఎజెండాను మూడు పనిదినాల ముందే జనానికి కనిపించేలా పెట్టాలి. అంతకుముందు 72 గంటలుండేది. ఎజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, దాన్ని చర్చించే ముందు గానీ చర్చ నడుస్తుండగా గానీ మాట్లాడే హక్కు జనానికి చట్టమే ఇచ్చింది. సమయానికి పరిమితి పెట్టొచ్చు, మూడు నిమిషాలన్నది మామూలు. కానీ అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నల తరఫున మీరు తెలుగు నుంచి చెబుతుంటే ఇది వాడుకోండి, పేరు నమోదు చేసేటప్పుడే చెప్పండి. తమను విమర్శిస్తున్నారని నోరు మూయించే అధికారం వారికి లేదు.

ఎజెండాలో లేని విషయం ఎత్తితే మాత్రం వాళ్లు వాస్తవం చెప్పగలరు, లేదా వచ్చే మీటింగులో పెడదామా అని మాట్లాడుకోగలరు. అంతే. మౌనంగా కూర్చున్నారని కోపగించుకోకండి, చట్టమే వాళ్ల నోరు కట్టేసింది. అందుకే రెండు వారాల ముందే మీ కమిషనర్‌కు రాతపూర్వకంగా అడిగి అంశాన్ని ఎజెండాలో పెట్టించుకోండి. ఆ ఈమెయిల్‌ను ఐదుగురికీ కలిపి పంపకండి: ముగ్గురు చేరితే కోరం, అంటే మీటింగుకు చాలినంత మంది, మీ ఈమెయిల్ కిందే ముగ్గురూ వాదించుకుంటే అది చాటుగా పెట్టుకున్న మీటింగవుతుంది. అది తెలిసిన కమిషనర్ జవాబే ఇవ్వడు.

లెక్కలు కావాలంటే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాసి అడగండి. ఎందుకని అడిగే హక్కు వాళ్లకు లేదు. ఇవ్వకూడదనుకుంటే పది పనిదినాల్లోపు రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాలి. కాపీ పేజీకి మామూలుగా 10 సెంట్లు. ఖర్చు 40 డాలర్లు దాటేట్టుంటే ముందే అంచనా పంపాలి. ఆ అంచనాకు మీరు పది పనిదినాల్లో బదులివ్వకపోతే అర్జీ వెనక్కి తీసుకున్నట్టే, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ‘రోడ్ల ఫైళ్లన్నీ’ అనకుండా ‘ప్రీసింక్ట్ 3లో ఫలానా ఆరు నెలల కంకర బిల్లులు’ అనండి.

ఇంటి విలువ పెరిగిందని కమిషనర్ మీద అరవడం శుద్ధ దండగ. విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ. అభ్యంతరానికి గడువు మే 15, లేదా నోటీసు పంపాక 30 రోజులు, ఏది తర్వాతైతే అది. కమిషనర్లు నిర్ణయించేది పన్ను రేటు. ఆ విచారణలు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరులో ఉంటాయి. పొలానికి వ్యవసాయ విలువ (పన్ను తగ్గించే లెక్క) పాత యజమానికి ఉందని మీకూ ఉంటుందనుకోకండి, మీ పేరున మళ్లీ అర్జీ పెట్టాలి.

పక్క స్థలంలో వెల్డింగ్ షాపు వెలిసిందా? సాధారణంగా కౌంటీకి జోనింగ్ (ఏ స్థలంలో ఏ పని చేయొచ్చో నిర్ణయించే) అధికారం లేదు, ఆపలేరు. మంటల మీద నిషేధం మాత్రం కమిషనర్స్ కోర్టు పెట్టగలదు, ఎండిన చలికాలంలో కూడా. భోగి మంటకు కట్టెలు పేర్చే ముందు అది చూసుకోండి, మీరితే 500 డాలర్ల వరకు జరిమానా.

ఇక ఓటు. మాట్లాడటానికీ, కాగితాలు అడగడానికీ పౌరసత్వం అక్కర్లేదు. ఓటుకు తప్పనిసరి. గ్రీన్‌కార్డు, హెచ్1బీ ఉన్నవాళ్లు డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరు నమోదు ప్రశ్నకు పొరపాటున ‘అవును’ కొడితే దేశం విడిచిపోవాల్సిన ప్రమాదం ఉంది. పౌరులు ఎన్నికకు 30 రోజుల ముందు నమోదు కావాలి, సంతకం చేసిన ఫారం పోస్టులో గానీ చేత్తో గానీ ఇవ్వొచ్చు.

పల్లె కౌంటీల్లో చాలాచోట్ల నవంబరులో స్థానిక పదవులకు ఒకే పార్టీ అభ్యర్థి మిగులుతాడు. అసలు పోటీ సరిసంఖ్య సంవత్సరాల మార్చి ప్రైమరీలోనే, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే. జడ్జి, 2, 4 ప్రీసింక్టుల కమిషనర్లు, క్లర్కులు 2026లో. షెరీఫ్, 1, 3 ప్రీసింక్టుల కమిషనర్లు 2028లో. పార్టీలో ముందే చేరాల్సిన పనిలేదు, వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే చాలు. ఎవరికీ సగానికి మించి రాకపోతే మే నెలలో రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ. మార్చిలో ఒక పార్టీకి ఓటేసినవాళ్లు అందులో మరో పార్టీకి వేయలేరు, అసలు వేయనివాళ్లు మాత్రం ఏదైనా ఎంచుకోవచ్చు. నవంబరులో ఎవరికైనా వేసుకోవచ్చు. ఒక్క నొక్కుతో పార్టీ మొత్తానికి వేసే పద్ధతి 2020లో పోయింది కాబట్టి, రాష్ట్ర పదవులు దాటి చివరిదాకా దిగితే గానీ మీ కమిషనర్ పేరు కనిపించదు.