ఎర్రమట్టిలోని ఇనుప ఖనిజాన్ని గుర్తించే విధానం

రాతికి గానీ, మట్టికి గానీ ఎరుపునిచ్చేది చాలావరకు హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్. నీటి అంశం కలిసిన గోథైట్ అయితే పసుపు, గోధుమ రంగులనిస్తుంది. ఏది ఉందో తెలుసుకోవడానికి రాతిముక్కతో నునుపుపూత లేని పింగాణీ పలకపై గట్టిగా గీయాలి. పైకి ఉక్కులా నల్లగా మెరిసే హెమటైట్ కూడా ఎండిన నెత్తురు రంగు గీతనే వదులుతుంది, ఎందుకంటే దాని ఎరుపు సన్నని పొడిలోనే బయటపడుతుంది. అందువల్ల పైరంగు కన్నా గీతనే నమ్మడం మంచిది. మరో ఇనుప ఖనిజమైన మాగ్నెటైట్ గీత నల్లగా ఉంటుంది.

పసుపుమట్టి దొరికితే, చిటికెడు పొడిని ఇనుప గరిటెలో వేసి, గాలి ఆడేచోట మంటపై 300 డిగ్రీల సెల్సియస్ దాటేవరకు జాగ్రత్తగా వేడిచేయండి. గోథైట్‌లోని నీరు ఆవిరైపోయి హెమటైట్ మిగులుతుంది కనుక, పొడి కళ్లెదుటే ఎర్రబడుతుంది. చల్లారాక, వేడిచేయని పొడి పక్కన పెట్టి పోల్చి చూడండి.