పాత గుడిని బాగు చేద్దామనుకుంటున్నారా? సిమెంటు బస్తా పక్కన పెట్టండి

ఊరి చివర పాడుబడ్డ గుడి ఉంది, కుర్రాళ్లంతా చందాలు పోగేశారు, ఇక జీర్ణోద్ధరణ మొదలెడదాం అంటున్నారు. సంతోషం. కానీ మొదటి రోజే సిమెంటు, ఎనామిల్ పెయింటు దింపారంటే వందల ఏళ్లు వానకి ఎండకి నిలిచిన గుడిని మీ చేత్తోనే పాడు చేసినవాళ్లవుతారు.

ముందు ఆ గుడి ఎవరి కింద ఉందో కనుక్కోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే వాళ్ల అనుమతి లేకుండా రాయి కదపకూడదు, దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే కట్టాలి. దేవాదాయ శాఖదైతే ఆ ఆఫీసులో అర్జీ పెట్టండి. తిరగాల్సి వస్తుంది, తప్పదు.

ఆ తిరుగుడు అయ్యేలోపు ప్రతి స్తంభాన్నీ, ప్రతి విగ్రహాన్నీ నాలుగు వైపులా ఫొటో తీసి కొలతలు రాసుకోండి. శాసనాలకి ఒక చిట్కా: చీకటి పడ్డాక టార్చిలైటుని రాయికి ఆనించినట్టు పక్క నుంచి వేస్తే అరిగిన అక్షరాలు కూడా లేచి కనబడతాయి. ఇదంతా ఎందుకంటారా? తమిళనాడు శ్రీపురందాన్ గుడి నుంచి దొంగిలించి ఆస్ట్రేలియాకి అమ్మేసిన నటరాజ విగ్రహం 2014లో తిరిగొచ్చిందంటే, అది ఈ గుడిదేనని చూపించే పాత ఫొటోలు పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉండబట్టే.

తర్వాత నీళ్ల సంగతి. పైకప్పు మీద నిలిచే నీళ్లు పోయే దారి చూపిస్తే సగం రోగం తగ్గినట్టే. గోపురం మీద మొలిచిన రావి మొక్కని మాత్రం పట్టి లాగకండి, వేరుతో పాటు రాళ్లూ కదిలిపోతాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేలా మందు పూసి, ఎండాక తీయాలి.

సందులు పూడ్చడానికి సున్నమే. బాగా నానిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి, మన పాత మేస్త్రీలు వాడిన బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలుపుతారు. ఇది నెమ్మదిగా గట్టిపడుతుంది, పైగా లోపలి తేమని బయటికి పోనిస్తుంది. సిమెంటైతే ఆ తేమని లోపలే బంధిస్తుంది, అప్పుడు దెబ్బతినేది పక్కనున్న రాయి. పైన కాంక్రీటు స్లాబు ఆలోచన కూడా మానుకోండి. రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడింది కింద బరువు పడకూడదనే కదా!

పాత పెయింటు ఉంటే ఇసుక పిచికారీతో గాని, యాసిడ్‌తో గాని వదిలించకండి, చెక్కడం అరిగిపోతుంది. మెత్తటి బ్రష్షు, నీళ్లు, ఓపికతోనే మొదలెట్టండి.

రాళ్లు విప్పక తప్పదని స్థపతి (గుళ్లు కట్టే శిల్పాచార్యుడు) చెబితేనే విప్పండి, అదీ ప్రతి రాయికీ నంబరు వేశాకే. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని విప్పి మళ్లీ నిలబెట్టడం ఏళ్ల తరబడి సాగి, తెరిచేసరికి 2024 వచ్చింది, అంత పని అది. తవ్వకంలో నాణేలో విగ్రహమో దొరికితే తహసీల్దారుకి చెప్పేయండి, దాస్తే కేసు.

పనయ్యాక నిత్యదీపం పెట్టేవాళ్లని ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఏడాదికే మళ్లీ గబ్బిలాలు. దీపాలకి మాత్రం స్టాండు చేయించండి, శిల్పాల పాదాల దగ్గర పెడితే నూనె జిడ్డు రాయిలోకి దిగిపోతుంది.